పిండీ నీళ్ళూ

నా భార్యకు కుడికాలి బొటనవేలు తీసేశారు. షుగరు పుండు. చెప్పు ఒరుసుకుని లేచిన పొక్కు చూస్తుండగానే నల్లబడింది. ఇంటికి పంపించేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, పుండు మానాలంటే షుగరు దిగాలి, షుగరు దిగాలంటే అన్నం తగ్గాలి అంది. మధ్యాహ్నం ఒక గరిటెడు అన్నం, సాయంత్రం చపాతీ. నూనె వద్దు, బయటివి వద్దు, ఇంట్లో చేసినవే పెట్టండి అంది. నేను తలాడించాను. మా ఇంట్లోకి గోధుమపిండి వచ్చి ఇరవై ఏళ్ళు దాటిందనీ, రానివ్వనిది నేనేననీ ఆమెకు చెప్పి ఏం లాభం.

మేముండేది చూలై అనే పేటలో. కింద పుస్తకాలు బైండింగు చేసే షెడ్డు, పైన మా రెండు గదులు. పొద్దుటి నుంచి కాగితం కోసే యంత్రం దబ్బు దబ్బుమని పడుతూనే ఉంటుంది. మా పూర్వులు నెల్లూరు వైపు నుంచి ఈ ఊరికి ఎప్పుడొచ్చారో మా తాతకే తెలియదు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, నేను పటాలంలో చేరాక దానికి తోడు హిందీ. పటాలం నుంచి పింఛనుతో బయటపడి, తిరువొత్తియూరులో ఒక గోడౌనుకు కాపలా ఉద్యోగం చేశాను. ఆమె కాలు పాడయ్యాక అదీ మానేశాను. మెట్లు నిటారుగా ఉంటాయి. ఆమె దిగలేదు, నేను వదిలి పోలేను.

మొదట్లో మా అమ్మాయి వచ్చి చపాతీలు చేసి పెట్టేది. అమ్మాయి కాపురం తిరువొత్తియూరులోనే. బట్టలు కుట్టే కంపెనీలో పని, రోజంతా నిలబడే పని. అది ముగించుకుని లోకల్ రైలెక్కి, దిగి, నడిచి, మా మెట్లెక్కి వచ్చేసరికి దాని ముఖం చూడలేకపోయేవాణ్ణి. రెండు రోజులకు సరిపడా ఒత్తి, కాల్చి, డబ్బాలో పెట్టి పోయేది. రెండో రోజుకు అవి తోలులా సాగేవి. అయినా నా భార్య ఏమీ అనకుండా నీళ్ళ పప్పులో నానబెట్టుకుని మింగేది.

ఒక సాయంత్రం నేను మందుల షాపు నుంచి వచ్చేసరికి వంటింట్లో చప్పుడు లేదు. చూస్తే అమ్మాయి గోడకు ఆనుకుని, చేతులకు పిండి అట్లాగే ఉండగా, నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోతోంది. పక్కన సగం ఒత్తిన చపాతీ ఎండి అంచులు లేచాయి. లేపడానికి మనసు రాలేదు. లేపకపోతే రైలు పోతుంది. లేపాను. నువ్వు ఇంక రావద్దు, నేను చేస్తానని చెప్పాను.

"నీకు ఆ వాసనే పడదు గదా నాయనా," అంది కళ్ళు నులుముకుంటూ.

పడకపోతే పడకపోయిందిలే అన్నాను. వాదించే ఓపిక దానికి లేదు. తన పీటా కర్రా మా ఇంట్లోనే వదిలేసి పోయింది.

మర్నాడు సౌకార్‌పేటకు నడిచి వెళ్ళాను. అక్కడ ఉత్తరాది వాళ్ళ వీధిలో గోధుమలు అప్పటికప్పుడు ఆడించి ఇచ్చే మిల్లు ఉంది. జనం, తోపుడుబళ్ళు, బస్తాలు మోసేవాళ్ళ కేకలు, వాటి మధ్య ఒదిగి ఒదిగి నడవాలి. మిల్లు ఇంకా కనపడకముందే వాసన తగిలింది. వేడెక్కిన గోధుమ వాసన. ఒక బట్టల కొట్టు అరుగు మీద కాసేపు కూర్చున్నాను. కొట్టతను మంచినీళ్ళు కావాలా అని హిందీలో అడిగాడు. వద్దన్నాను. లేచి వెళ్ళి పిండి తెచ్చుకున్నాను. సంచీలో అది నా తొడకు వెచ్చగా తగులుతూ ఇల్లు చేరేదాకా వేడి ఆరలేదు.

ఆ సాయంత్రం పిండిలో నీళ్ళు పోసి కలిపాను. చేతులు మరిచిపోలేదు. కానీ పీట మీద పెట్టి కర్రతో ఒత్తబోతే గుండ్రంగా రాలేదు, ఒక పక్క చిరిగింది, ఇంకో పక్క కర్రకు అంటుకుంది. చివరికి పీట అవతల పెట్టేసి, ముద్ద తీసుకుని అరచేతుల మధ్య తట్టాను. అట్లా అయితే వచ్చింది. మందంగా, అంచులు వంకరగా, పెనం మీద అక్కడక్కడా మాడి, నాకు తెలిసిన రొట్టె వచ్చింది.

పళ్ళెంలో పెట్టి ఇస్తే ఆమె అటూ ఇటూ తిప్పి చూసింది. నవ్వబోయి మానేసింది. రెండు ముక్కలు తిని పళ్ళెం పక్కకు నెట్టింది. ఆకలి లేదంది. మాత్రలు వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే కళ్ళు తిరుగుతాయి, అప్పటికే ఒకసారి బాత్‌రూము దగ్గర పడిపోబోయింది. ఇంకొంచెం తినమన్నాను. తల అడ్డంగా ఊపింది. మళ్ళీ చెప్పాను. కళ్ళు మూసుకుని దిండుకు ఒరిగింది.

"తిను. తినడం కూడా డ్యూటీయే," అన్నాను.

గది చిన్నది. నా గొంతు నాకే పెద్దగా వినపడింది. ఆమె కళ్ళు తెరిచి చూసింది. ఆమెకు కోపం రాలేదు. వింతగా చూసింది, అంతే.

"ఎవురి గొంతు అది? మీది కాదే," అంది.

నిజమే, అది నాది కాదు. మా హవల్దారుది. ఆయన కేరళ మనిషి, పొట్టివాడు, మాట తక్కువ. నేను మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆమెకు ఆ సంగతి చెప్పాను.

మంచుకొండల మీద యుద్ధం వచ్చినప్పుడు నా వయసు ముప్ఫై దాటింది, అమ్మాయి బడికి పోతోంది. మా వాళ్ళను కొంతమందిని ఒక కొండ భుజం మీద పెట్టారు. చెట్టు లేదు, గడ్డి లేదు, రాళ్ళూ మంచూ. తిండి సామాను కూలీలు కింద నుంచి వీపుల మీద మోసుకొచ్చేవాళ్ళు. గుండ్లు పడటం ఎక్కువైతే వాళ్ళు రాలేరు, అప్పుడు ఉన్నదానితోనే సరిపెట్టుకోవాలి. మొదట్లో బియ్యం కూడా వచ్చింది. మాలో సగం మందికి పైగా దక్షిణాది వాళ్ళం కదా. కానీ అంత ఎత్తులో బియ్యం ఉడకదు. ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా నడిమిని పలుకు అట్లాగే ఉంటుంది, కిరసనాయిలు మాత్రం అయిపోతుంది. బియ్యం ఆపేసి పిండి పంపించారు. పిండి, కొంచెం బెల్లం, టీ పొడి. ఒక్కోసారి ఉప్పు కూడా ఉండేది కాదు.

మంచును డబ్బాలో వేసి కరిగించి, ఆ నీళ్ళతో పిండి కలపాలి. ముద్ద అయ్యేసరికి వేళ్ళు కొయ్యబారి, ఇవి నా వేళ్ళేనా అనిపించేది. నూనె డబ్బాను కోసి చదును చేసిన రేకే మా పెనం. పైన మాడేది, లోపల పచ్చిగా ఉండేది. ప్రతి రొట్టెకూ కిరసనాయిలు వాసన. నమిలి నమిలి దవడలు పీకేవి. అక్కడ ఇంకో చిక్కు, ఆకలి ఉండదు. గాలి పల్చబడేకొద్దీ కడుపు చచ్చిపోతుంది. తిండి చూస్తే వెగటు. తినకపోతే మనిషి ఒకటి రెండు రోజుల్లో లేవలేడు. అందుకే హవల్దారు మా ఎదురుగా నిలబడి, తినేదాకా కదిలేవాడు కాదు. పక్క కొండ మీది శత్రువులు ఏం తింటున్నారో అని ఒకరోజు ఎవరో అన్నారు. ఇదే, అన్నాడాయన.

మాతో ఒక తమిళ కుర్రవాడు ఉండేవాడు. తిరునల్వేలి పక్కన తాటితోపుల ఊరు. సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. తెలుగువాణ్ణి కాబట్టి నన్ను 'నైనా' అని పిలిచేవాడు, తమిళులు మనల్ని ఆటపట్టించే పిలుపే. రొట్టెను చూసినప్పుడల్లా, ఇదిగో అప్పళానికి పెద్దన్న వచ్చాడు అనేవాడు. టీలో ముంచి, మెత్తబడ్డాక వేళ్ళతో పిసికి, అన్నం కలిపినట్టు కలుపుకుని తినేవాడు. ఇంటికి పోయాక ఎండుచేపల పులుసూ అన్నమూ తప్ప ఇంకేదీ ముట్టనని రోజూ చెప్పేవాడు. ఆ మాట ఎన్నిసార్లు విన్నా మాకు విసుగు పుట్టేది కాదు. మా అందరి మాటా అదే.

పిండి కలిపే పని వంతులవారీగా చేసేవాళ్ళం. ఆ రోజు అతని వంతు. మధ్యాహ్నం దాటింది. మంచు కరిగించి, పిండి కలిపి, ముద్ద మీద తడిగుడ్డ కప్పి, కింది బంకరుకు వైర్‌లెస్ బ్యాటరీ ఇచ్చి వస్తానని పోయాడు. అది రోజూ చేసే పనే. గుండు దారిలో పడింది. మేము వెళ్ళేసరికి చేయడానికి ఏమీ లేదు. తెచ్చి, దుప్పటి కప్పి, రాళ్ళ చాటున పడుకోబెట్టాం. కిందికి దించడం చీకటి పడ్డాక గానీ కుదరదు.

చాలాసేపటి తరవాత హవల్దారు, రొట్టెలు కాల్చండి అన్నాడు. ఎవరూ కదల్లేదు. ఆయన నా వైపు చూశాడు. లేచి తడిగుడ్డ తీశాను. పిండి ముద్ద మీద అతని వేళ్ళ గుర్తులు ఉన్నాయి. నాలుగు గుంటలు, పక్కన బొటనవేలు నొక్కిన చోటు. నేను ముద్ద తుంపలేక అట్లా చూస్తూ ఉండిపోయాను. హవల్దారు వచ్చి నా పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, మొదటి ఉండ ఆయనే తుంచాడు. తట్టి రేకు మీద వేశాడు. తరవాత నేను కాల్చాను. అందరికీ తలా ఒకటి వచ్చింది, ఒకటి మిగిలింది. ఎవరూ దాని వంక చూడలేదు. హవల్దారు దాన్ని చిన్న చిన్న ముక్కలు చేసి అందరి చేతుల్లో పెట్టాడు. "తినండి. తినడం కూడా డ్యూటీయే." తిన్నాం. ఏడవడానికి కూడా సత్తువ లేని అలసట అది. నమలడమే పనిగా నమిలాం.

ఇక్కడిదాకా చెప్పి ఆగాను. నా భార్య లేచి కూర్చుంది. కాలి కింద దిండు జారితే సరిచేశాను.

"ఆ అబ్బాయోళ్ళ ఊరికి మీరు పోయి వచ్చినారు గదా. నాకు గుర్తుండాది," అంది.

గుర్తుంటుంది. సెలవు దొరికి ఇంటికి వచ్చిన మూడో రోజే బస్సెక్కాను. ఎందుకు పోతున్నారని ఆమె అడగలేదు. తిరిగి వచ్చాక ఏం జరిగిందో నేను చెప్పలేదు.

ఆ ఇంట్లో అతని తల్లీ, పెళ్ళికాని చెల్లెలూ ఉన్నారు. నేను పోయేటప్పటికి ఇద్దరూ వాకిట్లో కూర్చుని బీడీలు చుడుతున్నారు. ఫలానా అని చెప్పుకున్నాను. తల్లి ఒళ్ళోని చేట దించి పక్కన పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అప్పటికి అది అయిపోయినట్టుంది. ఆఫీసర్లు వచ్చారనీ, పెద్ద పెద్ద వాళ్ళు వచ్చారనీ, అందరూ అతను ఎంత ధైర్యంగా పోయాడో చెప్పారనీ అంది. తరవాత నన్ను ఒకటే అడిగింది. అక్కడ వాడు ఏం తిన్నాడు అని.

అన్నం తిన్నాడని చెబుదామని నోటి దాకా వచ్చింది. ఆమె ముఖం చూస్తే అబద్ధం రాలేదు. అంత ఎత్తులో బియ్యం ఉడకదమ్మా, రొట్టె తిన్నాం, అందరమూ అదే తిన్నాం అన్నాను. రొట్టె అంటే ఎట్లా ఉంటుందని అడిగింది. ఆమె ఊళ్ళో అప్పటికి ఎవరూ చపాతీ చేసేవాళ్ళు కారు. గోధుమపిండి, నీళ్ళు, అంతే, అన్నాను. ఆమె కూతుర్ని పిలిచి కొట్టు నుంచి గోధుమపిండి తెమ్మంది. నాతో, నువ్వు చేసి చూపించు నాయనా అంది.

వాళ్ళ మట్టిపొయ్యి ముందు కూర్చుని పిండి కలిపాను. ఉప్పు డబ్బా తీసి ఇవ్వబోయి, అక్కడ వేశారా అని అడిగింది. చివరి రోజుల్లో లేదన్నాను. డబ్బా మళ్ళీ అరలో పెట్టేసింది. దోసె పెనం మీద కాలుస్తానంటే, అక్కడ పెనం ఉందా అని అడిగింది. రేకు ముక్క అన్నాను. రేకు ఇంట్లో లేదు కాబట్టి పెనమే పెట్టింది. తట్టి కాల్చి ఇచ్చాను. ఆమె గోడ దగ్గర కూర్చుని, పక్కన ఏమీ వేసుకోకుండా, ఆ ఒక్క రొట్టెనూ తినడం మొదలుపెట్టింది. పళ్ళు సరిగా లేవు. ఒక్కో ముక్కనూ చాలాసేపు నమిలింది. కూతురు నీళ్ళ చెంబు తెచ్చి పెడితే వద్దని చేత్తో నెట్టింది. నేను పొయ్యి ముందు నుంచి లేవలేదు. మొత్తం తింది. తిని, కొంగుతో నోరు తుడుచుకుని, "ఇది తిని కొండెక్కినాడా," అంది తమిళంలో. నన్ను అడిగినట్టు లేదు.

ఆ తరవాత నన్ను కూర్చోబెట్టి అన్నం పెట్టింది, ఎండుచేపల పులుసుతో. మారు వడ్డించింది. నేను తిన్నాను.

బస్సులో తిరిగి వస్తుంటే నా చేతులు పిండి వాసన కొట్టాయి. యుద్ధంలో ఉన్నన్నాళ్ళూ ఆ వాసన నన్ను ఏమీ చేయలేదు. ఆమె తినడం చూశాక చేసింది. ఇంటికి వచ్చిన వారానికి నా భార్య, పటాలంలో ఉండే మనిషికి ఇష్టమని ఎవరో చెబితే, నా కోసం చపాతీలు చేసింది. పెనం మీద పిండి కాలే వాసనకు లేచి వీధిలోకి పోయాను. కడుపుకు పడదని చెప్పాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు, మళ్ళీ ఎప్పుడూ చేయలేదు. ఆ తరవాత పటాలంలోనూ అన్నంతోనే నెట్టుకొచ్చాను. అమ్మాయి చిన్నప్పుడు చపాతీ కావాలని గోల చేస్తే నేను లేనప్పుడు ఎదురింట్లో తినిపించి తెచ్చేదట. అదీ ఆ సాయంత్రమే తెలిసింది.

నేను చెప్పడం అయిపోయింది. కింద షెడ్డులో యంత్రం ఆపేశారు. ఆమె ఏదో అంటుందని చూశాను.

"ఆయమ్మ ఇంకా ఉండాదా?" అంది.

లేదన్నాను. చాలా ఏళ్ళ కిందటే పోయింది, అప్పుడు ఆమె కూతురు కార్డు రాసింది. నేను పోలేకపోయాను, అప్పుడు సరిహద్దులో ఉన్నాను.

ఆమె పళ్ళెం తన వైపు లాక్కుంటుందేమో అనుకున్నాను. లాక్కోలేదు.

"నాకింక పోదు. చద్దిగా రేపు పొద్దున తింటాలే. మాత్రలు మజ్జిగతో వేసుకుంటా," అంది. ఆ తరవాత, "మీరేం తిన్నారు?" అంది.

ఏమీ తినలేదు. మధ్యాహ్నం అన్నం మిగిలి ఉంది, కానీ లేచి వేడి చేసుకునే ఓపిక లేదు. డబ్బాలో ఇంకో రొట్టె ఉంది. ఆమె ముందే కూర్చుని, మిగిలిన నీళ్ళ పప్పుతో దాన్ని తిన్నాను. ఏదో అవుతుందని భయపడ్డాను. ఏమీ కాలేదు. అందులో కిరసనాయిలు వాసన లేదు, పచ్చి లేదు. వట్టి పిండి రుచి. అది వేరే రొట్టె. ఇన్నేళ్ళూ దీనికా నేను భయపడింది అనిపించింది, కానీ ఆ ఆలోచన నాకు సంతోషం ఏమీ ఇవ్వలేదు. నడుం నొప్పిగా ఉంది. అంట్లు తోమి, ఆమె కాలి కట్టు తడవకుండా ప్లాస్టిక్ కవరు చుట్టి బాత్‌రూముకు తీసుకెళ్ళి, తెచ్చి పడుకోబెట్టాను.

చెప్పేశాక మనసు తేలికైందా అని మా అమ్మాయి తరవాత ఫోనులో అడిగింది. వాళ్ళమ్మ దానికి అంతా చెప్పింది. తేలికవడానికి తీరిక ఎక్కడిది అన్నాను. నిజంగానే అంతే. పొద్దున సూది, టిఫిను, కట్టు, మధ్యాహ్నం అన్నం, మందులు, సాయంత్రం పిండి. ఆ కుర్రవాడు గుర్తుకొచ్చే రోజులు ఉన్నాయి, రాని రోజులు ఎక్కువ. మారింది ఒకటే. నేను పిండి కలుపుతుంటే ఆమె మంచం మీద నుంచి వంటింటి గుమ్మం వైపు తిరిగి కూర్చుంటుంది. నీళ్ళు ఎక్కువయినాయి అంటుంది, ఇంకా పిసకండి అంటుంది. ఒక్కోసారి ఆ హవల్దారు ఏమయ్యాడు, ఆ చెల్లెలికి పెళ్ళయిందా అని అడుగుతుంది. తెలిసింది చెబుతాను.

వానలు మొదలయ్యేసరికి పుండు అంచులు ఎండాయి. డాక్టరమ్మ చూసి ఫరవాలేదంది. షుగరు దిగింది. కానీ పక్క వేలు కొంచెం రంగు మారినట్టుందనీ, ఇప్పుడే ఏమీ చెప్పలేననీ, పదిహేను రోజుల తరవాత మళ్ళీ తీసుకురమ్మనీ అంది. తిరిగి వచ్చేసరికి మా వీధిలో నీళ్ళు నిలిచి, ఆటో వీధి మొదట్లోనే ఆగింది. బైండింగు షెడ్డు మనుషులు ఇద్దరు వచ్చి ఆమెను ఒక కుర్చీలో కూర్చోబెట్టి ఎత్తి పైకి చేర్చారు.

పైకి వచ్చాక ఆమె గోడ పట్టుకుని నిలబడింది. పొయ్యి దాకా తానే పోతానంది. నేను పక్కన చెయ్యి పెట్టి నడిచాను, తగలకుండా. పీటా కర్రా తీసింది. ఎడమకాలి మీదే బరువు వేసి నిలబడి ఒక చపాతీ ఒత్తింది, పల్చగా, చక్కగా. రెండోది ఒత్తేటప్పటికి నుదుటి మీద చెమట పట్టింది. చాలు, కూర్చో అన్నాను. కూర్చుంది. మిగిలిన పిండి నేను నా పద్ధతిలో తట్టాను.

"వచ్చే తూరికి మెట్లు ఎట్ట దిగేది?" అంది.

చూద్దాంలే అన్నాను. ఆ సంగతే ఆలోచిస్తున్నాను. షెడ్డువాళ్ళు కిందికి దించినా, వానలు తగ్గకపోతే ఆటో వీధిలోకి రాదు.